పది గంటల వాన

జడ్రినా రేవులో సోమవారం పొద్దున సరిగ్గా పది గంటలకు వాన మొదలైంది. కాగితం మీద. పైన ఆకాశంలో మబ్బు తునక లేదు. సెప్టెంబరు ఎండకు గట్టు రాళ్లు కాలిపోతున్నాయి. ఆ ఎండలో జొరానా అనే అమ్మాయి చేతి మీద వానకోటు వేసుకుని, ఇంకో చేత్తో గొడుగు పట్టుకుని, ఆకాశం వంక చూస్తూ నిలబడింది. ఎంత నవ్వొచ్చినా మా వాళ్లెవరూ నవ్వలేదు. ఆ పిల్ల ఎందుకొచ్చిందో అందరికీ తెలుసు.

ఆమెకు నాలుగడుగుల దూరంలో టోంకా తన లెక్క పలక పట్టుకుని నిలబడి ఉంది. మెడకు తాడుతో వేలాడే చెక్క పలక అది, దాని మీద క్లిప్పు పెట్టిన కాగితం, చెవి వెనక పెన్సిలు. సముద్రపు తుంపరకు సిరా కరిగిపోతుంది కాబట్టి మా రేవులో లెక్క ఎప్పుడూ పెన్సిలుతోనే. క్రేన్ ఒక ఎత్తు ఎత్తి కోసిన కలప మోపులు రెండు ఓడ కడుపులోకి దించితే ఆమె ఒక నిలువు గీత గీస్తుంది. నాలుగు గీతలయ్యాక అయిదోది అడ్డంగా. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఇదే పని. టోంకా గీత పెట్టంది మా రేవులో ఒక్క మోపు కూడా ఓడ ఎక్కదు, అది చట్టం. ఈ ఒడ్డున ఆమె లెక్కకూ, అవతలి ఒడ్డున దించిన లెక్కకూ ఒక్కసారి కూడా తేడా రాలేదు. అది ఆమె గర్వం. పైకి చెప్పుకోదు గానీ, ఎవరైనా చెబితే వినడానికి ఆగుతుంది.

పదయింది. ముఠా మేస్త్రీ ఫ్రానె క్రేన్ వైపు రెండు చేతులూ అడ్డంగా పెట్టి చూపించాడు. క్రేన్ ఆగింది. ఎనిమిది మందీ చేతి తొడుగులు తీసి, షెడ్డు గోడ పక్కన బల్ల దగ్గరికి నడిచారు. బల్ల మీద గిన్నెలో చిక్కుడు గింజల పులుసు, ఉప్పు చేపలు, ఉల్లిపాయ, రొట్టె. దీన్ని మేం మరేండా అంటాం. పొద్దున ఆరింటికి పనిలో దిగినవాడు పదింటికి తినకపోతే పన్నెండింటికి వేళ్లు పోగొట్టుకుంటాడని మా నాన్నల కాలం నుంచీ మాకు తెలుసు.

టోంకా పెన్సిలు తీసి కాగితం అడుగున ఉన్న గడిలో రాసింది: పది గంటల నుంచి. పని ఆగింది. కారణం: వాన.

జొరానా దగ్గరికి వచ్చి ఆ మాట చదివింది. గొడుగు రెండో చేతికి మార్చుకుంది.

"టోంకాగారూ, మీ రేవులో ఓడ ఉన్న ప్రతిరోజూ పదింటికి వాన పడుతుంది. పది నలభైకి ఆగుతుంది. పదకొండేళ్ల కాగితాలు నేనే కంప్యూటర్లోకి ఎక్కించాను. ఆగస్టులో కూడా పడుతోంది."

"ఆగస్టులో పది రోజులు పడదు," అంది టోంకా. "అప్పుడు అందరం సెలవులో ఉంటాం."

అనేసి నాలుక కరుచుకుంది. ఏం చెయ్యాలో తోచక ఆ అమ్మాయిని భోజనానికి రమ్మంది. జొరానా వచ్చి కూర్చుని, రెండు గరిటెల పులుసు తిని, ఇంకేమీ అడగకుండా వెళ్లిపోయింది. అడగకుండా వెళ్లడమే టోంకాను ఎక్కువ భయపెట్టింది.

*

సంగతేమిటంటే, ఆరు దేశాల విశ్వవిద్యాలయాలు కలిసి నాలుగేళ్లుగా ఒక పరిశోధన చేస్తున్నాయి. మా తీరం రోడ్డు మీద లారీలు బారులు తీరి పొగ కక్కుతుంటాయి కదా, ఆ సరుకును చిన్న ఓడల్లోకి ఎక్కించి రేవు నుంచి రేవుకు సముద్రం మీదే పంపితే ఎట్లా ఉంటుందని. ప్రయోగంగా వారానికొక ఓడ నడుపుతారు. అది ఆగడానికి మా తీరాన ఉన్న పద్నాలుగు చిన్న రేవుల్లో మూడింటిని ఎంచుతారు. మాకు నవంబరు నుంచి మార్చి దాకా నెలకు రెండు ఓడలొస్తే గొప్ప. వారానికొకటంటే ఎనిమిది ఇళ్లకు చలికాలం గడిచిపోయినట్టే. జొరానా చదువు చెప్పే నౌకా కళాశాల ఆ ఆరింటిలో ఒకటి. కాగితాలు పోగుచేసి పంపడం వాళ్ల వంతు, వాటిని చూసి తీర్పు చెప్పడం ఉత్తరాది వాళ్ల వంతు. ఆ తీర్పు వచ్చేసింది. వానలెక్కువ, పని గంటలు పోతున్నాయి, జడ్రినా పనికిరాదు.

మంగళవారం పొద్దున రేవు డైరెక్టరు రాంకో టోంకాను గదిలోకి పిలిచాడు. ఇద్దరూ ఒకే ఏడాది రేవులో చేరారు. అప్పుడతను ఓడల ఏజెంటు దగ్గర కాగితాలు మోసేవాడు, మరేండా బల్ల దగ్గర ఈమె పక్కన కూర్చుని పులుసు గిన్నెలు ఎన్నో ఖాళీ చేశాడు. ఇప్పుడు కుర్చీలోంచి లేవకుండానే ఒక కాగితం ఇటు తోశాడు.

టోంకా కళ్లజోడు పెట్టుకుని చదివింది. ఈ కింద సంతకం చేసిన నేను పొరపాటువల్ల, ఎవరి ప్రమేయం లేకుండా, పని ఆగిన కారణాలను తప్పుగా నమోదు చేశాను. కనుక నా కాగితాలను పరిగణనలోకి తీసుకోనక్కర్లేదు.

"ఎవరి ప్రమేయం లేకుండానా?" అంది.

రాంకో కిటికీ వైపు చూశాడు. పెద్దగా ఏమీ కాదన్నాడు. జీతం తగ్గదు, పింఛనుకు ఇంకా రెండేళ్లే, ఎవరూ ఏమీ అడగరు. ఈ సంతకం పడితే పాత కాగితాలన్నీ పక్కన పడేస్తారు. శుక్రవారం పరిశోధనకు పెద్ద అయిన ప్రొఫెసరు స్వయంగా వచ్చి గట్టు మీద నిలబడి పని చూస్తాడు. ఆ ఒక్కరోజు క్రేన్ ఆగకపోతే చాలు, జడ్రినా మళ్లీ జాబితాలోకి ఎక్కుతుంది. ముఠా రెండు జట్లుగా విడిపోయి వంతులవారీగా తింటుందని ఫ్రానెతో మాట్లాడేశానన్నాడు.

వాన రాయమని టోంకాకు నేర్పింది పాత గుమాస్తా బేపో. ఉద్యోగంలో చేరిన మూడోరోజున. ఓడను ఇన్ని గంటల్లో నింపాలని సరుకువాళ్లకూ ఓడవాళ్లకూ మధ్య ఒప్పందం ఉంటుంది, గంటలు దాటితే జరిమానా. వాన పడితే ఆ గడియారం ఆగుతుంది, మనిషి తినడానికి కూర్చుంటే ఆగదు. ఆ ఒప్పందం రాసినవాళ్లు ఎక్కడో బల్లల దగ్గర కూర్చుని రాశారు, వాళ్లకు ఆకలెప్పుడు వేస్తుందో ఏమో. అందుకని మా రేవులో మరేండాను వాన అని రాస్తారు. కెప్టెను సంతకం పెడతాడు, ఏజెంటు సంతకం పెడతాడు, రేవు ముద్ర పడుతుంది. ఆ ఏజెంటు సంతకాల్లో కొన్ని వందలు రాంకోవే.

"రాంకో, నీ సంతకాలు కూడా పొరపాటేనా?"

"టోంకా, నన్ను ఇరికించకు. ఎనిమిది మంది కడుపులు. నీకు పోయేదేముంది చెప్పు."

పోయేదేముందో ఆమెకు అప్పటికప్పుడు మాటల్లో రాలేదు. మాటలు రాకపోయేసరికి ఒళ్లు మండింది. కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, శుక్రవారం ఇస్తానని చెప్పి బయటికొచ్చింది.

గట్టు మీద ఫ్రానె ఎదురొచ్చాడు. అతనికి ముందే తెలుసు, మొహమే చెబుతోంది.

"పెట్టెయ్ శ్యోరా," అన్నాడు. మా ముఠా అంతా ఆమెను అట్లాగే పిలుస్తుంది, అమ్మగారూ అన్నట్టు. "సంతకమే కదా. నువ్వు పెడితే మాకు చలికాలం గడుస్తుంది. నిన్నెవరు ఏమంటారు? అన్నవాడి పళ్లు రాలగొడతాను."

అతను మంచివాడే, మనస్ఫూర్తిగానే అన్నాడు. అందుకే టోంకాకు మరీ బాధేసింది. నా కాగితాలు తప్పు అని నా చేత్తో నేనే రాసివ్వడం ఇంత చిన్న విషయమా వీళ్లకి అనుకుంది. తప్పంటే ఏం తప్పు? పది అని రాస్తే పదికే ఆగింది పని. నలభై అని రాస్తే నలభైకే మొదలైంది. ఆ కాగితాల్లో ఒక్క మాటే అబద్ధం. ఆ మాట ఆమెది కాదు, రేవు మొత్తానిది.

*

గురువారం సాయంత్రం పని ముగిశాక జొరానా మళ్లీ వచ్చింది. ఈసారి చేతిలో గొడుగు లేదు. టోంకా గట్టు అంచున ఇనుప దిమ్మ మీద కూర్చుని పెన్సిలు చెక్కుకుంటోంది. రేపటికి రెండు పెన్సిళ్లు కావాలి, కలప ఓడకు ఎప్పుడూ రెండు కావాలి. జొరానా పక్క దిమ్మ మీద కూర్చుంది.

ఆ పిల్ల కష్టం కూడా తక్కువదేం కాదు. ఆరు దేశాల సమావేశంలో తనకు రెండు నిమిషాలిచ్చారని చెప్పింది. ఇది వాన కాదు, ఏదో అలవాటు అయ్యుంటుంది, వెళ్లి చూసొస్తానని అంటే, దక్షిణాది కాగితాలు ఎప్పుడూ ఇంతేనని ఎవరో నవ్వారట. నవ్వినవాళ్లకు జవాబు చెప్పడానికి ఆమె ఇంగ్లీషు ఆ క్షణంలో పలకలేదట. తర్వాత హోటలు గదిలో చక్కగా పలికిందట.

"నాకూ అంతే," అంది టోంకా. "రాంకో గదిలో నోరు పెగల్లేదు. ఇంటికెళ్లి గిన్నెలు తోముతుంటే మాత్రం అనర్గళంగా వచ్చింది."

ఇద్దరూ నవ్వారు. తర్వాత జొరానా మెల్లగా అడిగింది, వాన ఎందుకని. టోంకా చెప్పింది. ఒప్పందం, గడియారం, బేపో, మూడోరోజు, అంతా. చెబుతుంటే సిగ్గేసింది, చెప్పాక తేలికయింది. జేబులోంచి మడత కాగితం తీసి చూపించింది కూడా.

జొరానా అది చదివి, మళ్లీ అవే మడతల్లో మడిచి ఇచ్చేసింది. ఈ సంతకం పెడితే పదకొండేళ్ల కాగితాలూ చెత్తబుట్టలోకి వెళతాయని అంది. ఒక్క మాట దిద్దితే చాలేదానికి మొత్తం పారేస్తారు.

"నన్నేం చెయ్యమంటావమ్మా?"

"నేనేం చెప్పను టోంకాగారూ. పెట్టకపోతే ఆ ఎనిమిది మందీ మిమ్మల్నే అంటారు. రేపు నా పని గడియారం పట్టుకుని ఆగిన నిమిషాలు రాయడం. ఆగితే రాస్తాను. ఆగకపోతే సున్నా రాస్తాను."

*

శుక్రవారం పొద్దున ఆరింటికి ప్రొఫెసరు ఆస్గర్ వచ్చాడు. తెల్ల జుట్టు, పొడుగు కాళ్లు, మెత్తని మాట. డెన్మార్కు మనిషి. చెడ్డవాడేం కాదు, అందరికీ చెయ్యి అందించాడు, క్రేన్ వాడి పేరు కూడా అడిగి తెలుసుకున్నాడు. జొరానా అతని పక్కన చేతిలో పలకలాంటి కంప్యూటరు పట్టుకుని నిలబడింది. రాంకో ఇస్త్రీ చొక్కా వేసుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఓడ కెప్టెను విడో కోతోర్ ఊరి వైపు మనిషి, పదేళ్లుగా మా రేవుకు వస్తున్నాడు. పైన కటకటాల దగ్గర కాఫీ తాగుతూ ఈ వింతంతా చూస్తున్నాడు.

పని జోరుగా సాగింది. మా ముఠా తలుచుకుంటే ఎట్లా పని చేస్తుందో ఆ రోజు చూడాలి. ఒకడు తాడు బిగిస్తుంటే ఇంకొకడు కొక్కెం అందుకుంటున్నాడు, మాటల్లేవు, కంటి సైగలే. టోంకా గీతలు గీస్తూనే ఉంది. ఎనిమిదింటికి యాభై ఎత్తులు దాటాయి. తొమ్మిదిన్నరకు తొంభై.

పదింటికి ఫ్రానె చేతులు అడ్డం పెట్టలేదు. నలుగురు బల్ల దగ్గరికి వెళ్లారు, నలుగురు ఉండిపోయారు. క్రేన్ తిరుగుతూనే ఉంది. రాంకో ప్రొఫెసరు వైపు చూసి చిరునవ్వు నవ్వాడు. జొరానా గడియారం చూసి ఏమీ రాయలేదు.

ఎనిమిది మందిని రెండు నాలుగులు చెయ్యొచ్చు. క్రేన్ నడపడానికి రెండోవాడు ఉన్నాడు. టోంకాను రెండు చెయ్యడం కుదరదు. ఈ సంగతి రాంకోకు గుర్తు రాలేదు, ఫ్రానెకు గుర్తు రాలేదు, నిజం చెప్పాలంటే టోంకాకు కూడా పదింటి దాకా గుర్తు రాలేదు. ఎత్తు ఆగకపోతే గీత ఆగదు. గీత ఆగకపోతే ఆమె కదలడానికి లేదు.

మొదటి నలుగురు తిని లేచారు. రెండో నలుగురు కూర్చున్నారు. ఉల్లిపాయ వాసన గాలికి ఇటే వస్తోంది. నాలుగ్గంటలుగా నిలబడ్డ కాళ్లు, తెల్లవారుజామున తాగిన కాఫీ తప్ప ఏమీ లేని కడుపు. ఒక్కరైనా ఇటు చూసి, శ్యోరా నువ్వు తిన్నావా అని అడుగుతారేమోనని చూసింది. ఎవరూ అడగలేదు. అందరి కళ్లూ ప్రొఫెసరు మీదే ఉన్నాయి. ఆమెకు ఏడుపొచ్చినంత పనయింది. యాభై ఎనిమిదేళ్ల మనిషికి పులుసు గిన్నె కోసం ఏడుపేమిటని తనను తానే తిట్టుకుంది.

తల తిప్పి పలక వంక చూసేసరికి క్రేన్ ఖాళీ కొక్కెంతో వెనక్కొస్తోంది. గీత పెట్టిందా? పెట్టలేదా? నూట పదిహేడా, పద్దెనిమిదా?

ఇన్నేళ్లలో టోంకా ఈ ప్రశ్న తనను తాను వేసుకోవడం ఇదే మొదలు. నిలువు గీతలు కళ్ల ముందు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయి. పెట్టేశాననుకుని సాగిపోవచ్చు. తేడా వస్తే అవతలి ఒడ్డున వస్తుంది, పదిరోజుల తర్వాత. అప్పటికి జాబితా తేలిపోయి ఉంటుంది.

ఆమె రెండు చేతులూ పైకెత్తి అడ్డంగా పెట్టింది.

క్రేన్ ఆగింది. గట్టు మీద అందరూ ఆగిపోయారు. బల్ల దగ్గర ఫ్రానె గరిటె గాల్లోనే ఉండిపోయింది. రాంకో మొహం మాడిపోయింది. టోంకా ఎవరి వంకా చూడకుండా నిచ్చెన ఎక్కి ఓడ మీదికి వెళ్లి, కడుపులోకి వంగి, ఆఖరి వరుస మోపులను వేలితో చూపిస్తూ లెక్కపెట్టి, కింద నిండిన వరుసల లెక్కకు కలిపి, రెండేసి మోపులకు ఒక ఎత్తు చొప్పున తేల్చింది. నూట పద్దెనిమిది. దిగి వచ్చి గీత పెట్టింది.

ఇప్పుడు చెయ్యి ఊపితే పని మళ్లీ మొదలవుతుంది. మూడు నిమిషాలు పోయి ఉంటాయి, అంతే. రాంకో కళ్లతోనే బతిమాలుతున్నాడు. క్రేన్ వాడు కూడా ఆమె చేతినే చూస్తున్నాడు.

ఆమె చెయ్యి ఊపలేదు. కాగితం అడుగు గడిలో పెన్సిలు పెట్టి, ప్రతి అక్షరం గట్టిగా ఒత్తి రాసింది: పదిన్నర నుంచి. పని ఆగింది. కారణం: భోజనం. పక్కన తన పూర్తి పేరు రాసింది. పలక మెడలోంచి తీసి ఓడ మెట్ల దగ్గర నిలబడ్డ కెప్టెను విడోకు ఇచ్చింది.

విడో చదివాడు. "వాన కాదా శ్యోరా?"

"కాదు కెప్టెన్. ఎండగా ఉంది."

అతను కాఫీ కప్పు పక్కన పెట్టి, జేబులో పెన్ను కోసం వెతుక్కుని, సంతకం పెట్టాడు.

రాంకో గబగబా వచ్చి, నువ్వేం చేశావో నీకు తెలుస్తోందా అని పళ్లు బిగించి అడిగాడు. టోంకా మడత కాగితం తీసి అతని చేతిలో పెట్టింది. పొరపాటు చేసుంటే పెట్టేదాన్నే రాంకో, అంది. ఆపైన బల్ల దగ్గరికి వెళ్లి కూర్చుంది. ఎనిమిది మందిలో ఇద్దరు ఆమె వైపు చూడకుండా లేచి వెళ్లిపోయారు. వాళ్లను తప్పుపట్టలేం, వాళ్ల చలికాలం వాళ్లది. ఫ్రానె మాత్రం కాసేపు తల దించుకుని, తర్వాత గిన్నె తన వైపుకు లాక్కుని అడుగుదాకా గోకి ఆమె పళ్లెంలో వేశాడు.

"నువ్వు తినలేదని చూసుకోలేదు శ్యోరా," అన్నాడు.

అప్పుడు ప్రొఫెసరు కూడా బల్ల దగ్గరికి వచ్చి, అడిగి, చివర కూర్చున్నాడు. జొరానా అతని పక్కన నిలబడే ఉంది. ఆమె చేతిలోని కంప్యూటరులో పని ఆగడానికి కారణాల జాబితా ఉంటుంది. వాన, గాలి, యంత్రం చెడిపోవడం, సరుకు రాకపోవడం. ఆరు దేశాలవాళ్లు నాలుగేళ్లు కూర్చుని చేసిన జాబితా అది. అందులో భోజనం లేదు. ఏం రాయమంటారని ఆమె అడిగింది. ప్రొఫెసరు ఆ జాబితాను పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూశాడు. తర్వాత ఇంకేదో అడిగాడు. టోంకాకు ఆ భాష రాదు గానీ, మనిషి నిజంగా తెలుసుకోవడానికే అడుగుతున్నాడని అర్థమైంది.

"ఏమంటున్నాడమ్మా?" అంది రొట్టె తుంచుతూ.

"మిగతా పదమూడు రేవుల్లో ఎప్పుడు తింటారని అడుగుతున్నారు."

"నువ్వేం చెబుతావు?"

జొరానా కంప్యూటరు బల్ల మీద పెట్టింది. ఆ పదమూడు రేవుల కాగితాలు కూడా తన చేత్తోనే ఎక్కించింది. నిజంగా వాన పడ్డ రోజులు తప్పిస్తే అన్నింట్లోనూ ఆగిన నిమిషాలు సున్నా. ఆ సున్నాలను చూసే ఆ రేవులను మెచ్చుకున్నారు. అప్పుడు తనూ మెచ్చుకుంది.

"ఉన్నదే చెబుతాను," అని అతని వైపు తిరిగింది. ఈసారి ఆమె ఇంగ్లీషు ప్రొఫెసరు ముందే స్పష్టంగా పలికింది. "కాగితాల ప్రకారం పదకొండేళ్లుగా అక్కడ ఒక్కరూ ముద్ద నోట్లో పెట్టలేదు."

ప్రొఫెసరు నవ్వలేదు. టోంకా తన పళ్లెంలోంచి సగం రొట్టె తీసి జొరానా ముందు పెట్టి, పక్కకు జరిగి, కూర్చోమంది.